పెళ్ళికి మూడు నెలలే ఉంది, ముందు చర్మం వెనక్కి రావడం లేదు: ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 32. కుర్రతనంలో అంగం ముందు చర్మం మామూలుగానే వెనక్కి వచ్చేది. రెండేళ్ళుగా బిగుసుకుపోతోంది. చివర తెల్లగా, గట్టిగా రింగులా తయారైంది. అంగం గట్టిపడితే చర్మం చీలి మంట, ఒక్కోసారి రక్తపు చుక్కలు. మూత్రానికి వెళ్తే ముందు బుడగలా ఉబ్బి, తర్వాత సన్నటి ధారగా వస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ ఏడాదిగా రాస్తున్నాను. రాసినన్నాళ్ళు తగ్గినట్టుంటుంది, మానేస్తే మళ్ళీ మొదలు. మూడు నెలల్లో పెళ్ళి. ఒకచోట లేజర్ అన్నారు, మరోచోట స్టాప్లర్, ఇంకోచోట మామూలు కుట్ల ఆపరేషన్. ఏది మంచిది? తర్వాత స్పర్శ తగ్గుతుందా? పిల్లలు పుట్టడానికి ఇబ్బందా? ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోతున్నాను.
(ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా)

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట "తెల్లగా, గట్టిగా రింగులా" అన్నది. లేజరా, స్టాప్లరా అన్న ప్రశ్న దాని తర్వాతే వస్తుంది. చర్మం ఎందుకు బిగిసిందో తేలితే ఏ ఆపరేషన్ చేయాలో సగం తేలిపోతుంది.

చిన్నపిల్లల్లో ముందు చర్మం వెనక్కి రాకపోవడం సహజం, వయసుతో అదే వదులవుతుంది. పెద్దయ్యేదాకా బాగానే వచ్చిన చర్మం కొత్తగా బిగిసిందంటే మాత్రం దాని వెనక ఏదో జబ్బు ఉంటుంది. ముఖ్యంగా రెండు. ఒకటి షుగర్: మూత్రంలో చక్కెర పోతుంటే చర్మం లోపల ఫంగస్ పెరుగుతుంది. ఎర్రబడటం, దురద, పెరుగు తరకల్లాంటి తెల్లటి పొర, సన్నటి చీలికలు. చీలిక మానిన ప్రతిసారీ కాస్త మచ్చ మిగిలి చర్మం ఇరుకవుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు చక్కెరను మూత్రంలోకే పంపుతాయి కాబట్టి, అవి వాడేవారిలో ఈ ఫంగస్ బాధ ఎక్కువ. రెండోది లైకెన్ స్క్లెరోసస్. పాత పుస్తకాల్లో దీన్నే బీఎక్స్ఓ అంటారు. ఇందులో చర్మం రంగు పోయి పాలిపోయినట్టు తెల్లగా, బిరుసుగా అవుతుంది. సాగే గుణం పోతుంది, లాగితే చిట్లుతుంది. మీరు రాసిన లక్షణాలు దీనికే దగ్గరగా ఉన్నాయి. చూడకుండా తేల్చి చెప్పడం సరికాదు గానీ, యూరాలజిస్టు వెలుతురులో ఒకసారి చూస్తే చాలావరకు గుర్తుపడతారు. ఇది అంటువ్యాధి కాదు, సుఖవ్యాధి అంతకన్నా కాదు. మీ నుంచి భార్యకు రాదు.

ముందు ఆ షాపు ఆయింట్‌మెంట్ ఆపేయండి. మన దగ్గర కౌంటర్ మీద ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో గట్టి స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణిచేస్తుంది కాబట్టి తగ్గినట్టే ఉంటుంది. లోపల ఫంగస్ ఉంటే అది మాత్రం అలాగే ఉండి ముదురుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఇంకా తేలిగ్గా చీలుతుంది. వెళ్ళేటప్పుడు ఆ ట్యూబు జేబులో వేసుకెళ్ళి డాక్టరుకు చూపించండి. ఏడాదిగా చర్మం మీద ఏం పడిందో ఆయనకు తెలియాలి.

ఇలా ముందు చర్మం బిగిసి వెనక్కి రాకపోవడాన్ని ఫైమోసిస్ అంటారు. ఆపరేషన్ లేకుండా తగ్గే ఫైమోసిస్ ఉంది, అది కూడా చెప్పాలి. చర్మం రంగు మారకుండా, మెత్తగా ఉండి, చివర మాత్రమే ఇరుకుగా ఉన్నవారికి బీటామెథాసోన్ 0.05 లేదా 0.1 శాతం క్రీము రోజుకు రెండుసార్లు, 4 నుంచి 8 వారాలు ఇస్తారు. రాయాల్సింది పైన కాదు, చర్మాన్ని నొప్పి పుట్టనంత మేర వెనక్కి లాగి, సరిగ్గా ఇరుకైన రింగు మీద పలచగా. దాంతోపాటు రోజూ స్నానంలో కొద్దికొద్దిగా సాగదీయాలి. సాగదీయకుండా క్రీము ఒక్కటే రాస్తే ఫలితం సగమే. లైకెన్ స్క్లెరోసస్ తొలిదశలో క్లోబెటాసోల్ 0.05 శాతం వాడతారు. కానీ మచ్చ గట్టిపడి రింగు అయ్యాక ఏ క్రీమూ దాన్ని తిరిగి మెత్తని చర్మంగా మార్చలేదు. మీకు మూత్రం కూడా అడ్డుపడుతోంది. డాక్టరు చూసి మచ్చే అని చెబితే, ఇంకో రెండు నెలలు క్రీముతో గడపొద్దన్నదే మా సలహా. ఆ రెండు నెలలు గాయం మానడానికి కావాలి.

ఇక ఆపరేషన్లు. చర్మాన్ని ఉంచి వదులు చేసే పద్ధతి ఒకటుంది, ప్రిప్యూషియోప్లాస్టీ. ఇరుకైన రింగును పైభాగంలో నిలువుగా ఒకటి రెండు సెంటీమీటర్లు కోసి, ఆ కోతను అడ్డంగా కుడతారు. నిలువు కోత అడ్డం కుట్టేసరికి రింగు చుట్టుకొలత పెరుగుతుంది. చర్మం ఆరోగ్యంగా ఉన్నవారికి ఇది మంచి ఆపరేషనే. అయితే వాపు కాస్త తగ్గగానే రోజూ చర్మాన్ని వెనక్కీ ముందుకీ జరుపుతూ ఉండాలి, లేకపోతే మళ్ళీ అతుక్కుంటుంది. లైకెన్ స్క్లెరోసస్ ఉన్నవారికి దీన్ని సాధారణంగా సూచించరు. జబ్బు చర్మం అక్కడే ఉంటుంది కాబట్టి కోసి కుట్టిన చోటే మళ్ళీ తెల్లబడి బిగుస్తుంది. కొందరికి అసలు రింగు బాగానే ఉండి, అడుగున చర్మాన్ని అంగం తలకు పట్టి ఉంచే సన్నటి తీగ, అంటే ఫ్రెనులం, పొట్టిగా ఉంటుంది. వారికి ఆ తీగ ఒక్కటి పొడవు చేస్తే చాలు, చర్మం తీయనక్కర్లేదు. మీకు జబ్బు చర్మం ఉంటే మాత్రం ముందు చర్మాన్ని పూర్తిగా తీసేయడమే సరైన చికిత్స. దాన్నే సున్తీ అంటాం. ముస్లింలు, యూదులు మత ఆచారంగా చేసుకుంటారు గనక ఆ మాట వినగానే మనవాళ్ళలో కొందరు సంకోచిస్తారు. ఫైమోసిస్‌కు చికిత్సగా ఇదే ఆపరేషన్ అన్ని మతాల వారికీ చేస్తారు.

థియేటర్లో జరిగేది తెలిస్తే భయం తగ్గుతుంది. ముందుగా రక్తపరీక్షలు: షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటు), హిమోగ్లోబిన్, రక్తం గడ్డకట్టే తీరు, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ. హెచ్‌బీఏ1సీ ఎనిమిది, ఎనిమిదిన్నర దాటితే ముందు షుగర్‌ను దారిలో పెట్టి తర్వాత కత్తి పట్టుకోవడం మేలు. పైన చెప్పిన డాపాగ్లిఫ్లోజిన్ తరహా మాత్రలు వాడేవారు, డాక్టరుతో మాట్లాడి, ఆపరేషన్‌కు మూడు రోజుల ముందే ఆపాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మందులుంటే తప్పక చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. మత్తుకు రెండు దారులు. అంగం మొదట్లో లిగ్నోకైన్, బుపివకైన్ ఇంజక్షన్ చేసి అక్కడికే మొద్దుబార్చడం ఒకటి. మోతాదు మనిషి బరువును బట్టి లెక్కేస్తారు. సూది గుచ్చేటప్పుడు కొద్ది సెకన్ల మంట, తర్వాత తాకుడు తెలుస్తుంది గానీ నొప్పి తెలియదు. నడుముకు ఇచ్చే మత్తు రెండోది. దీనికి ఆరు గంటలు ఏమీ తినకూడదు. ఆ తర్వాత కొన్ని గంటలు కాళ్ళు తేలిపోయినట్టుంటాయి, కొందరికి మూత్రం రావడం ఆలస్యమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న మీ వయసువారికి మొదటిదే సరిపోతుంది.

సర్జన్ ముందు పెన్నుతో గీత గీస్తారు. చర్మాన్ని లాగకుండా, అది మామూలుగా పడి ఉన్న స్థితిలో, అంగం తల చుట్టూ ఉండే గట్టు ఎక్కడ చర్మం మీద ఉబ్బుగా కనిపిస్తుందో అక్కడ. ఈ గీతే ఆపరేషన్‌లో అసలు నైపుణ్యం. చర్మాన్ని ముందుకు గుంజి గీస్తే ఎక్కువ తెగిపోతుంది. అప్పుడు అంగం గట్టిపడితే చర్మం చాలక లాగేస్తుంది, వృషణాల మీది వెంట్రుకల చర్మం పైకి పాకుతుంది. భయపడి తక్కువ తీస్తే మిగిలిన చర్మం తల ముందుకు జారి, కుట్ల గీత దగ్గర మళ్ళీ ఇరుకు రింగు కడుతుంది. మొదటి కోత ఆ గీత మీద. తర్వాత చర్మాన్ని వెనక్కి లాగి, తలకు అతుక్కున్నవి విడదీసి, లోపలి పొర మీద గట్టు నుంచి 5 నుంచి 10 మిల్లీమీటర్లు వదిలి రెండో కోత. రింగు మరీ బిగుతైతే ముందు పైన ఒక నిలువు గాటు పెట్టి దారి చేసుకుంటారు. రెండు కోతల మధ్య చర్మం చొక్కా చేతి అంచులా ఊడి వస్తుంది. రక్తనాళాలను ఒక్కొక్కటిగా మూసేశాక, గడియారం ముల్లు లెక్కన 12, 6, 3, 9 దగ్గర ముందు నాలుగు కుట్లు, వాటి మధ్య మిగతావి. దారం సన్నటిది (4-0 లేదా 5-0 సైజు), తనంతట తనే రెండు మూడు వారాల్లో కరిగి రాలిపోయేది. మొత్తం అరగంట నుంచి ముప్పావుగంట. అదే రోజు ఇంటికి వెళ్ళొచ్చు.

రక్తనాళాలు కాల్చి మూయడానికి వాడే కరెంటు గురించి ఒక మాట. అంగం మీద బైపోలార్ డయాథర్మీయే వాడాలి. అందులో కరెంటు పట్టుకారు రెండు కొనల మధ్యే తిరుగుతుంది. మోనోపోలార్‌లో కరెంటు శరీరం గుండా పోతుంది. అంగం మొదలు సన్నగా ఉంటుంది కాబట్టి అక్కడ వేడి పేరుకుని లోపలి నాళాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. "బైపోలార్ వాడతారా?" అని అడగడంలో తప్పేమీ లేదు, మంచి సర్జన్ నొచ్చుకోరు.

స్టాప్లర్ అంటే ఒక గంట ఆకారపు ముక్కను తల మీద పెట్టి, చర్మాన్ని దాని పైకి లాగి, మీట నొక్కితే బ్లేడు చర్మాన్ని కోస్తుంది, అదే క్షణంలో చుట్టూ సన్నటి పిన్నులు పడతాయి. పది నిమిషాల పని, రక్తం తక్కువ. పిన్నులు రెండు నుంచి నాలుగు వారాల్లో రాలతాయి. ఒకటో రెండో చర్మంలో కూరుకుపోతే డాక్టరు తీయాల్సి వస్తుంది. సైజు తప్పితే చర్మం ఎక్కువతక్కువలవుతుంది, ఒకచోట పిన్ను సరిగా పడకపోతే లోపల రక్తం గూడుకడుతుంది. మెత్తని చర్మానికి ఇది బాగానే పనిచేస్తుంది. మచ్చపడి మందమైన చర్మానికి, తలకు అతుక్కున్న చర్మానికి ఆ గంట లోపలికే పోదు, పిన్నులు సమంగా కూర్చోవు. మీలాంటి కేసులో కంటితో చూస్తూ, చేత్తో కోసి కుట్టడమే మేము కోరుకునేది. "లేజర్" అన్నది కోసే సాధనం మాత్రమే. తీసే చర్మం అదే, గాయం మానే కాలం దాదాపు అదే. ప్రకటనల్లో లేజర్ అని రాసి లోపల స్టాప్లర్ వాడే చోట్లూ ఉన్నాయి. దేనితో కోస్తారు, దేనితో మూస్తారు అని విడివిడిగా అడిగి, ఖర్చుతో సహా కాగితం మీద రాయించుకోండి. హైదరాబాద్ ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో యూరాలజీ విభాగాలున్నాయి. ఇది వాళ్ళకు రోజువారీ పని.

మీ కేసులో ఆపరేషన్‌కు ముందే డాక్టరుతో తేల్చుకోవాల్సిన సంగతులు రెండున్నాయి. మీ మూత్రధార సన్నబడింది. కారణం ముందు చర్మమే కావచ్చు. కానీ లైకెన్ స్క్లెరోసస్ మూత్రరంధ్రాన్ని కూడా ఇరుకు చేస్తుంది. చర్మం బిగుసుకుని ఉన్నంతవరకు ఆ రంధ్రం కనిపించదు, ఆపరేషన్ బల్ల మీదే బయటపడుతుంది. అవసరమైతే అప్పుడే వెడల్పు చేయడానికి అనుమతి ముందే తీసుకోమని అడగండి. లేకపోతే మరోసారి మత్తు, మరోసారి ఆపరేషన్. ఇక తీసిన చర్మం. దాన్ని చెత్తబుట్టలో వేయనివ్వకండి. ఫార్మలిన్ సీసాలో వేసి బయాప్సీకి పంపాలి. జబ్బు పేరు ఖాయమయ్యేది అక్కడే. దీర్ఘకాలం ఉన్న ఫైమోసిస్‌లో, లైకెన్ స్క్లెరోసస్‌లో అంగం క్యాన్సర్ ముప్పు మామూలు కన్నా ఎక్కువ. ఆ ముప్పు చిన్నదే, అయినా పరీక్షకు పంపడానికి అది చాలు. కొన్నిచోట్ల ప్యాకేజీలో ఈ పరీక్ష ఉండదు, విడిగా డబ్బు కట్టాల్సి వచ్చినా కట్టండి.

ఇంటికి వచ్చాక మొదటి రెండు రోజులు కట్టు ఉంటుంది. 24 నుంచి 48 గంటలకు విప్పేటప్పుడు అది రక్తంతో ఎండి అతుక్కుని ఉంటుంది. పొడిగా గుంజితే కుట్లు ఊడతాయి. గోరువెచ్చని నీళ్ళలో పది పదిహేను నిమిషాలు నాననిస్తే దానంతట అదే జారుతుంది. తర్వాత రోజూ స్నానం చేయొచ్చు. నీళ్ళు పోసి, మెత్తని బట్ట అద్ది ఆరబెట్టడమే, రుద్దకూడదు. సబ్బు, డెట్టాల్, పసుపు, పౌడర్లు ఏవీ వద్దు. పౌడరు తడికి గట్టిపడి కుట్ల మధ్య పెచ్చులు కడుతుంది. తల భాగానికి పలచగా వ్యాజిలైన్ రాస్తే బట్టకు అంటుకోదు. అంగాన్ని పొట్ట వైపు పైకి పెట్టి, కాస్త బిగుతైన డ్రాయరు వేసుకోండి, దాని మీద లుంగీ కట్టుకోండి. కిందికి వేలాడితే నీరు దిగి వాపు పెరుగుతుంది. అడుగు భాగంలో చర్మం నీటితిత్తిలా ఉబ్బడం మామూలే, రెండు మూడు వారాలకు తగ్గుతుంది. కుట్ల వెంట, తల మీద పసుపుపచ్చని పలుచటి పొర కనిపిస్తుంది. చాలామంది చీము అనుకుని కంగారుపడి గీకేస్తారు. అది గాయం మానే పొర, ముట్టుకోవద్దు. చీము అయితే వాసన వస్తుంది, చుట్టూ ఎర్రగా వేడెక్కుతుంది, నొప్పి రోజురోజుకీ పెరుగుతుంది.

నొప్పికి పారాసెటమాల్ 650 ఆరు గంటలకొకటి, చాలకపోతే అన్నం తిన్నాక ఐబూప్రోఫెన్ 400, కడుపులో పుండు, కిడ్నీ సమస్య లేనివారికి. అసలు బాధ తెల్లవారుజామున. నిద్రలో అంగం గట్టిపడటం మీ చేతిలో ఉండదు, కుట్లు లాగి మెలకువ వస్తుంది. పడుకునే ముందు మూత్రం పోసుకోండి. మెలకువ రాగానే లేచి మళ్ళీ మూత్రానికి వెళ్ళి, నాలుగడుగులు నడిస్తే దిగిపోతుంది. మొదటి వారం ఫోన్‌లో కోరిక రేపేవి చూడకుండా ఉండటమూ చికిత్సలో భాగమే. రక్తస్రావం జరిగేది కూడా ఎక్కువగా ఇలాంటప్పుడే, అడుగున ఫ్రెనులం దగ్గరున్న చిన్న రక్తనాళం నుంచి. శుభ్రమైన గాజుగుడ్డ చుట్టి, పిడికిట పట్టి, గడియారం చూసి పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కండి. మధ్యమధ్య తీసి చూస్తే గడ్డకట్టిన రక్తం రేగుతుంది. అప్పటికీ ఆగకపోయినా, గుడ్డ తడిసిపోతున్నా, మూత్రం రాకపోయినా, జ్వరం 100.4 దాటినా, అంగం తల నల్లబడినా వేళ చూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

పత్యం అక్కర్లేదు. పప్పు తింటే చీము పడుతుందన్న మాట మన ఇళ్ళలో ఇంకా ఉంది. గాయం మానడానికి కావలసింది ఆ పప్పూ, గుడ్డూ, పెరుగే. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. కూర్చుని చేసే ఉద్యోగానికి నాలుగైదు రోజుల్లో వెళ్ళొచ్చు. బండి, సైకిలు, జిమ్ము, బరువులు రెండు వారాలు ఆపండి. కలయిక, హస్తప్రయోగం ఆరు వారాలు పూర్తిగా మానాలి. మూడో వారానికే పైకి మానినట్టు కనిపిస్తుంది, లోపల ఇంకా బలం రాదు, తొందరపడితే కుట్ల గీత విచ్చుకుంటుంది. షుగర్ ఉన్నవారికి, పొగ తాగేవారికి ఇంకా ఆలస్యం.

మీ లెక్క చూడండి. పెళ్ళికి పన్నెండు, పదమూడు వారాలు. ఈ వారమే డాక్టరును కలిసి, మరో రెండు వారాల్లో ఆపరేషన్ అయితే, ఆరు వారాలు మానడానికి పోయినా ఇంకా నెల చేతిలో ఉంటుంది. పెళ్ళికి ఇరవై రోజుల ముందు చేయించుకుందామని వాయిదా వేస్తే అదే పెద్ద పొరపాటు. అంతకన్నా పొరపాటు, ఇలాగే పెళ్ళి చేసుకుని బలవంతంగా చర్మం వెనక్కి నెట్టడం. ఇరుకు రింగు గట్టు వెనక ఇరుక్కుంటే తల ఉబ్బిపోతుంది, రక్తప్రసరణ ఆగుతుంది. ఆపరేషన్ లోపు ఎప్పుడైనా అలా జరిగితే, వాచిన భాగాన్ని గుప్పిట్లో పట్టి అయిదు పది నిమిషాలు నిదానంగా నొక్కి నీరు దిగనివ్వండి. తర్వాత రెండు బొటనవేళ్ళతో తలను లోపలికి నెడుతూ, మిగతా వేళ్ళతో చర్మాన్ని ముందుకు లాగండి. కుదరకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, గంటల్లోనే ఆసుపత్రికి.

స్పర్శ గురించి అడిగారు. మొదటి రెండు మూడు వారాలు తల భాగానికి బట్ట తగిలినా జివ్వుమంటుంది. ఇన్నాళ్ళూ కప్పి ఉన్న చర్మం అది. తర్వాత అలవాటవుతుంది. కొద్దిమంది స్పర్శ కాస్త తగ్గిందంటారు. ఎక్కువమందికి పెద్ద తేడా ఉండదు, నొప్పి, చీలికలు పోయినందుకు హాయి కనిపిస్తుంది. వీర్యం తయారయ్యేది వృషణాల్లో. ఈ కత్తి వాటి దరిదాపులకు పోదు, పిల్లలకు ఏ ఇబ్బందీ లేదు.

ఇంట్లో చెప్పే విషయం మీ ఇష్టం. కానీ ఆపరేషన్ రోజున బండి నడపకూడదు, రాత్రికి తోడు కావాలి. అన్నయ్యో, బావో, ఒక స్నేహితుడో ఒక్కరికైనా చెప్పండి. "మూత్రం అడ్డుపడుతోంది, చిన్న ఆపరేషన్" అంటే చాలు, అది అబద్ధం కూడా కాదు. కాబోయే భార్యకు ముందే చెప్పడం నయమని మా అభిప్రాయం. దాచాల్సిన లోపం ఇది కాదు, అపెండిక్స్ తీయించుకున్నట్టే.

బయాప్సీలో లైకెన్ స్క్లెరోసస్ అని వస్తే చర్మం తీసేయడంతో చాలామందికి జబ్బు అణుగుతుంది. తల మీద తెల్ల మచ్చలు మిగిలితే క్లోబెటాసోల్ డాక్టరు చెప్పినన్ని రోజులే రాయాలి. మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి ఒకసారి చూపించుకోండి. అప్పుడూ కనిపెట్టి ఉండాల్సింది మూత్రధారనే. అది మళ్ళీ సన్నబడినా, రెండుగా చీలి పడుతున్నా, లేదా తల మీద మానని పుండు, గట్టి కాయ కనిపించినా, ఆ తేదీ వచ్చేదాకా ఆగకుండా వెంటనే వెళ్ళండి.